ఏడు గంటల అన్నం

ఈమధ్య ఏ రెండు ఇటుకలూ ఒక్క ఎత్తున ఉండటం లేదు. స్టీల్ ప్లాంటు పుణ్యమా అని ఊరి చుట్టూ బట్టీలు పెరిగాయి, ఇటుకలు పెరిగాయి, ఎత్తు మాత్రం ఎవడి ఇష్టం వాడిదైపోయింది. ఇల్లు కట్టేవాడికి దీనివల్ల నష్టం లేదట, తేడా సిమెంటులో సర్దుకుంటుందట. సిమెంటు లేకుండా ఇటుకలు వాడే నాబోటివాడి సంగతేమిటని బట్టీవాణ్ణి అడిగాను. అతను నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఇంతకీ ఏటి కడతన్నారు బాబూ?" అన్నాడు.

"మంచం" అన్నాను. అతను ఇంక నాతో మాట్లాడలేదు.

నా మంచానికి తలవైపు కోళ్ళ కింద ఒక్కో ఇటుక ఉంటుంది. ఏడేళ్ళుగా అలా ఏటవాలు మీద పడుకుంటున్నాను. రాత్రి దిండు దగ్గర బయలుదేరి తెల్లారేసరికి కాళ్ళపట్టె దగ్గర తేలతాను. మొన్న మంచం జరపబోతే ఒక ఇటుక పగిలింది. కొత్తది తెచ్చి పెడితే పాతదానితో ఎత్తు కుదరలేదు. ఇప్పుడు మంచం వాలడమే కాదు, ఊగుతోంది కూడా. ఇదేమంత చెప్పుకోదగ్గ బాధ కాదని నాకూ తెలుసు. చెప్పుకోవలసినది ఇంకొకటుంది, దాని దగ్గరికి తిన్నగా వెళ్ళలేక ఇటుకల వైపు నుంచి వస్తున్నాను.

గుండెల్లో మంటతో రాత్రిళ్ళు లేచి కూర్చునేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, నేను మూడేళ్ళు చేసిన వైద్యాలు వాళ్ళకి మూడు నిమిషాల్లో దొరుకుతాయి. దాంతోపాటు నేను పోగొట్టుకున్నదేమిటో కూడా తెలుస్తుంది.

ముందు మా ఇంట్లో భోజనం సంగతి చెప్పాలి.

మా నాన్న పోర్టులో క్రేన్ డ్రైవరు. షిఫ్టులు వారం వారం మారాలి గానీ, ఆయన అడిగినవాడికల్లా తన పగటి షిఫ్టు ఇచ్చేసి, రాత్రి పదింటికి దిగే షిఫ్టు పుచ్చుకునేవారు. పగలు క్రేన్ కేబిన్ పెనంలా కాలుతుందని ఒక కారణం. దీపాల వెలుగులో ఓడ చూడ్డానికి బాగుంటుందని రెండోది. రెండోది ఆయన చెప్పలేదు, నేను ఊహించాను. సైకిలు తొక్కుకుంటూ వచ్చి, స్నానం చేసి, పీట మీద కూర్చునేసరికి పదకొండు.

మేం క్రైస్తవులం. ఇంటిపెద్ద ప్రార్థన చెయ్యకుండా మా ఇంట్లో ఎవరూ కంచంలో చెయ్యి పెట్టరు. కాబట్టి పదకొండు దాకా ఎవరూ తినరు. ఈలోగా జంతికలు చప్పుడు కాకుండా నమలడం మా ఇంట్లో అందరికీ వచ్చిన విద్య.

నాన్న మాట్లాడే మనిషి కాదు. నలభై అడుగుల ఎత్తున ఒంటరిగా కూర్చుని చేసే పని, కింద ఉన్నవాడు చేత్తో సైగ చేస్తే ఈయన మీట లాగుతారు. ఇంటికొచ్చాక కూడా సైగలే. కానీ భోజనం ముందు కళ్ళు మూసుకున్నారంటే వేరే మనిషి.

"ప్రభువా, ఈ దినం జపాను ఓడ పనైపోయింది. తాడు ఒకపాలి జారింది గానీ కింద ఎవులూ నేరు, నీకు స్తోత్రం. మావోడు బియ్యే పాసయినాడు. మూడో తరగతే. దానికీ నీకు స్తోత్రం."

ఇది 1973 మాట. ఇంకో రోజు, "ఇంట్లో ఒకరికి సిగరెట్టు అలవాటయినాది ప్రభువా. పేరు నాను సెప్పను, నీకు తెలుసు" అన్నారు. నా పేరు తీసేస్తే ఇంట్లో మిగిలింది అమ్మ పేరొక్కటే.

నా పెళ్ళి కూడా అలాగే కుదిరింది. "తగరపువలస పిల్ల ఇసయంలో మాకేటీ అభ్యంతరం నేదు ప్రభువా. నాన్సుతున్నవోల్ని నువ్వే కాస్త కదుపు." నాన్చుతున్నది నేనే. కదిలాను. ఆ పిల్లే కరుణ, నా భార్య.

నేను ఒక కన్ను సగం తెరిచి వింటూ ఉండేవాణ్ణి. అన్నం చల్లారిపోయేది, పులుసు మీద నూనె పేరుకునేది. నేనూ నాన్నా ముఖాముఖి మాట్లాడుకున్న మాటలన్నీ ఒక పోస్టుకార్డు మీద పడతాయి. మిగతా సంభాషణంతా దేవుడి ద్వారా జరిగింది.

1976లో మంట మొదలైంది. అప్పటికి నేను మద్దిలపాలెం బస్సు డిపోలో గుమాస్తాను, డ్రైవర్లకీ కండక్టర్లకీ డ్యూటీలు వెయ్యడం నా పని. పడుకున్న అరగంటకి రొమ్ము మధ్యన ఎవరో అగ్గిపుల్ల గీసి, ఆర్పడం మర్చిపోయి వెళ్ళినట్టుండేది. పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్నేవి. దగ్గుకుంటూ లేచి కూర్చునేవాణ్ణి. కరుణ కూడా లేచి కూర్చునేది. కొత్త పెళ్ళికూతురు చీకట్లో మొగుడి తేన్పులు లెక్కపెడుతూ గడపడం ఏ అత్తవారింటా ఉండదని నా అంచనా.

అమ్మ చల్లటి పాలు పట్టింది. తాగుతూంటే స్వర్గం. గంట తిరక్కుండా మంట మళ్ళీ వచ్చేది, ఈసారి పాలు తాగి బలం పుంజుకుని. కరుణ జీలకర్ర మరిగించిన నీళ్ళు ఇచ్చేది. అవి నిజంగా కొంచెం మేలు చేసేవి, కడుపుబ్బరం తగ్గేది. పక్కింటి సత్యవతిగారిది కోనసీమ. ఆవిడ పిట్టగోడ మీదనుంచి గ్లాసు అందించి, నేను తాగి గ్లాసు బోర్లించేదాకా అక్కడే నిలబడేవారు.

"అల్లం రసమండీ, మిరియం కూడా దంచేశాను. తాగెయ్యండి, మంట పారిపోతుంది."

పారిపోలేదు. తోడు తెచ్చుకుంది. మర్నాడు ఎలా ఉందని అడిగితే బాగుందన్నాను. దాంతో ఆ గ్లాసు వారం రోజులు వరసగా వచ్చింది. కాబట్టి నా మొదటి సలహా ఇది: ఒంట్లో బాగాలేనప్పుడు మర్యాదకి కూడా బాగుందని చెప్పకండి. రెండోది, మంట మీద ఘాటు పొయ్యకండి. ఆవిడే తర్వాత పలచటి మజ్జిగ ఉప్పు లేకుండా ఇచ్చారు, అది పనిచేసింది. అయితే ఆవిడకి అది మందులా కనిపించక మానేశారు.

ఆఫీసులో నా పక్క బల్ల అప్పల్రాజుది. నన్ను బావ అంటాడు. అతను ప్రపంచంలో అందర్నీ బావ అంటాడు, డిపో మేనేజర్ని తప్ప.

"పిచ్చి కషాయాలన్నీ మానీ బావ. తినేసోడా సిటికెడు, నిమ్మకాయ సగం, గ్లాసుడు నీలు. బుస్సుమని పొంగతాది. పొంగతన్నప్పుడే తాగీయాల. మంట సచ్చూరుకుంటాది."

ఆ మాట నిజమే. ఊరంతా వినబడే తేన్పు ఒకటి వచ్చేది, మంట చచ్చేది. రెండు గంటల తర్వాత పునరుత్థానం. అయినా అది నాకు అలవాటైపోయింది, రోజుకి మూడుసార్లు పొంగించుకుని తాగేవాణ్ణి. ఒళ్ళు ఉబ్బింది, తల దిమ్ముగా ఉండేది. సోడా ఎప్పుడో ఒకసారికి సరే, దానితో కాపరం చెయ్యకండి. సోంపు నమలండి, లవంగం బుగ్గన పెట్టుకోండి, ఎడమవైపు తిరిగి పడుకోండి. ఇవి హాని చెయ్యవు. పుదీనా మంచిదని చాలామంది చెబుతారు, నా విషయంలో అది మంటకే మంచి చేసింది.

నాన్న వైద్యం అరటిపండు. పోర్టు గేటు దగ్గర కొని సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని తెచ్చేవారు. నా చేతికి ఇవ్వరు. నా దిండు పక్కన పెట్టి వెళ్ళిపోతారు. రాత్రి ప్రార్థనలో నా మంటకి ఒక వాక్యం కేటాయించారు. "ఆడి కడుపు సల్లబరుసు ప్రభువా. ఆడు పడతన్న బాద మాకు ఇనబడతన్నాది."

కరుణ ఒకసారి అడిగింది, "ఏమండీ, అన్నం కాస్త ముందు తింటే? తిన్న వెంటనే పడుకుంటున్నారు కదా, అది ఎక్కడికి పోతుంది?"

"అది మన చేతిలో లేదు" అన్నాను. ఆ డిపోలో ఎందరి డ్యూటీ వేళలనో నేను ఒక్క సంతకంతో మార్చేవాణ్ణి. ఇంట్లో అన్నం వేళ మార్చమని అడగాలన్న ఆలోచనే రాలేదు. ఆ ఒక్కటీ తప్ప అన్నీ చేశాను.

1979 ఎండాకాలం. మధ్యాహ్నం ఆఫీసులో మంట మెడదాకా పాకింది, ఎడమ భుజం లాగింది, ఒళ్ళంతా చెమట. అప్పల్రాజు నా మొహం చూసి మొదటిసారి సోడా మాట ఎత్తలేదు. రిక్షా పిలిచి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. దారిలో, "బావ, ఏటీ కాదు బావ" అని నాకు చెబుతూ, "తొరగా తొక్కీ" అని రిక్షావాణ్ణి తిట్టాడు. ఈ రెండు మాటలూ కలిపి వింటే ధైర్యం రాదు. ఇక్కడ వేళాకోళం లేకుండా ఒక మాట: నొప్పి మెడకో చేతికో పాకితే, చెమట పడితే, వంటింట్లో డబ్బాలు వెతక్కండి. ఆసుపత్రికి వెళ్ళండి. అది మంటో మరొకటో తేల్చవలసింది జీలకర్ర కాదు.

గుండె పరీక్ష గది ముందు బల్ల నిండా జనం. ఫిషింగ్ హార్బరు నుంచి వచ్చిన ఒకావిడ, మొగుణ్ణి లోపలికి పంపి బయట కూర్చుంది. నన్ను చూసి, "బావూ, ఇక్కడ కూకో" అని తను లేచి నిలబడింది. వద్దన్నాను. "కూకోయ్యా. నాను సేపల గంప ఎత్తుకుని నిలబడీదాన్నే, నాకేటి కష్టం" అంది. గోడకి తల ఆనించుకుని కూర్చున్నాను. ఆవిడ తన చెంగుతో నాకు కూడా విసిరింది, ఆ గది వాకిలి వైపు చూస్తూ. ఆవిడ మొగుడికి ఏమైందో నాకు తెలీదు. అడగాలని తట్టలేదు. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తుంటుంది.

సాయంత్రానికి కరుణా అమ్మా వచ్చారు. వాళ్ళ వెనకే నాన్న, నీలం చొక్కా, చేతులకి గ్రీజు. షిఫ్టు మధ్యలో క్రేన్ దిగి వచ్చేశారని తెలిసి నాకు మళ్ళీ చెమట పట్టింది. ఆయన నా దగ్గరికి రాలేదు. వరండా చివర స్తంభం పక్కన నిలబడ్డారు, కిందనుంచి ఎవరో సైగ చేస్తే గాని కదలనట్టు.

గుండె బాగుంది. డాక్టరు చిన్నవాడే, విసుగు మాత్రం పెద్దవాళ్ళది.

"రాత్రి ఎన్నింటికి తింటారు?"

"పదకొండు."

"పడుకునేది?"

"పదకొండున్నర."

కలం కింద పెట్టేశాడు. "చదువుకున్నవాళ్ళేనా మీరు? ఏడింటికి తినండి. మూడు గంటలు ఆగి పడుకోండి. మంచం తలవైపు ఇటుకలు పెట్టండి. సోడా మానండి. ఇంక నా దగ్గరికి రాకండి."

ఆ రాత్రి ఇంట్లో గొడవ. "ఇంటాయన ప్రార్దన సెయ్యకండా అన్నం ముట్టుకుంటాడా? నా ఇంట్లో ఎప్పుడైనా ఉన్నాదా?" అని అమ్మ. "ఆయన ప్రాణం కన్నా ఎక్కువా అత్తయ్యా?" అని కరుణ. పెళ్ళయిన నాలుగేళ్ళలో కరుణ అమ్మకి ఎదురు చెప్పడం అదే మొదలు. ఇద్దరూ ఏడ్చారు. నేను మధ్యలో కూర్చుని సోంపు నమిలాను.

నాన్న స్నానం చేసి వచ్చారు. కంచాలు పెట్టారు. కళ్ళు మూసుకున్నారు. అంత పెద్ద ప్రార్థన మా ఇంట్లో అంతకుముందు వినలేదు.

"ప్రభువా, ఈ దినం మావోడి గుండె బాగున్నాదని సెప్పినారు. నాను క్రేను మీదున్నప్పుడు ఎవులో కిందనుంచి కేకేసినారు, మీవోడ్ని ఆసుపత్రికి తీస్కెల్లారని. నిచ్చెన ఎలగ దిగినానో నీకే తెలుసు. అదిరిపోయినాను ప్రభువా. నీకు స్తోత్రం. డాక్టరు ఏడింటికి తినమన్నాడు. ఆడు తినాల. ఇంట్లో ఎవులూ ఆడికి అడ్డు సెప్పకండా సూడు. నన్నూ సూడు."

అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మర్నాటి నుంచి ఏడింటికి తిన్నాను. నా ప్రార్థన నేనే చేసుకున్నాను, డిపో దరఖాస్తులా మూడు ముక్కల్లో. అమ్మా కరుణా నాన్న కోసం ఆగేవారు. మొదటి వారం నేను కూడా పదకొండింటికి వచ్చి, తినకుండా, ఆయన ఎదురుగా కూర్చున్నాను. నాలుగో రోజో ఐదో రోజో ఆయన కళ్ళు మూసుకోబోయి ఆగి నన్ను చూశారు.

"కంచం నేకండా ఎదర కూకోకురా. ఎవులో పోయినింట్లో తిన్నట్టున్నాది. ఎల్లి పడుకో."

వెళ్ళి పడుకున్నాను. ఇటుకల మీద, వాలుగా. మంట రాలేదు. మూడేళ్ళ తర్వాత నిద్ర పట్టింది, అదీ మామూలు నిద్ర కాదు. ఆ నిద్ర రుచి తెలిసినవాడికి ఇంకేవీ గుర్తుండవు. నాకూ గుర్తులేవు. పొద్దున్న లేచేసరికి దిండు పక్కన అరటిపండు మాత్రం ఉండేది.

మొదట్లో కరుణని అడిగేవాణ్ణి, "రాత్రి నాన్న ఏం చెప్పారు?"

"గ్రీకు ఓడేదో వచ్చిందట. మీరు ఎర్రచొక్కా వేసుకుంటే బాగోలేదట."

కొన్నాళ్ళకి, "పెద్దగా ఏమీ లేదండీ."

ఇంకొన్నాళ్ళకి, "ఈ అన్నం కోసం స్తోత్రం అన్నారు. తిన్నారు."

అలిసిపోతున్నారేమో అనుకున్నాను. వయసు కదా. అడగడం మానేశాను. ఒళ్ళు బాగుపడింది, బుగ్గలు నిండాయి, డిపోలో అందరూ మెచ్చుకున్నారు. గుండెమంట ఉన్నవాళ్ళందరికీ ఏడు గంటల అన్నం, రెండు ఇటుకలు అని ప్రచారం చేశాను. అప్పల్రాజు కూడా ఇటుకలు కొన్నాడు.

1982లో స్టీల్ ప్లాంటుకి పెద్ద పెద్ద యంత్రాల పెట్టెలు ఓడల మీద వస్తున్నాయని ఊళ్ళో చెప్పుకునేవారు. ఒక ఆదివారం గుడినుంచి వస్తూ నాన్నని అడిగాను, "ఆ పెట్టెలు నువ్వే దించుతున్నావా?"

"ఊఁ" అన్నారు.

అప్పల్రాజు తమ్ముడు పోర్టులో కలాసీ. ఆ నెలలోనే ఒక రోజు అప్పల్రాజు నా బల్ల దగ్గరికి వచ్చి, ఎన్నడూ లేంది గొంతు తగ్గించి, "మీ నాన్నగారికి కళ్ళెలగున్నాయి బావ?" అన్నాడు.

"కళ్ళకేం?"

"అదేటి బావ! కంటి పరీచ్చలో ఆపీసి క్రేను దింపీసి ఆర్నెల్లయింది కాదేటి. గేటుకాడ షెడ్డులో కూకుంటన్నారు, తాల్లు సుడతా. మా తమ్ముడు రోజూ సూత్తన్నాడు. నీకు తెలీదేటి?"

నాకు తెలీదు. అమ్మకి తెలీదు. కరుణకి తెలీదు. ఆరు నెలలు ఆయన అదే నీలం చొక్కా వేసుకుని, అదే వేళకి సైకిలు తీసుకుని వెళ్ళారు. అదే వేళకి వచ్చి, ఈ అన్నం కోసం స్తోత్రం అన్నారు. గోడకి ఇవతల నేను వాలు మంచం మీద హాయిగా గురక పెడుతున్నాను. దీపాల వెలుగులో ఓడ మసకబారడం ఎప్పుడు మొదలైందో, మొదటిసారి కొక్కెం గురి తప్పినప్పుడు ఆయనకేమనిపించిందో, ఆ నిచ్చెన ఆఖరిసారి ఎలా దిగారో దేవుడికి కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రం ఏడింటికి నేను తినలేదు. పదకొండింటికి కంచం వేసుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన నన్ను చూశారు, కంచాన్ని చూశారు. కళ్ళు మూసుకుని, "ఈ అన్నం కోసం స్తోత్రం" అన్నారు. తిన్నాం. ఆ రాత్రి మంట మళ్ళీ వచ్చింది, పాత స్నేహితుడిలా. లేచి కూర్చుంటే, పక్క గదిలో ఆయన కూడా లేచి కూర్చున్న చప్పుడు వినిపించింది. మర్నాడు, "ఏడింటికే తిను" అని నాతో తిన్నగా అన్నారు. మా పోస్టుకార్డు మీద మాటల్లో అదొకటి.

1984లో రిటైరయ్యారు. ఇప్పుడు అందరం కలిసి ఏడింటికే తింటున్నాం. డాక్టరు చూస్తే సంతోషిస్తాడు. ప్రార్థన నాలుగు మాటలు. అన్నం వేడిగా ఉంటుంది. పులుసు మీద నూనె పేరుకోదు. నా కడుపుకి ఇంతకన్నా మంచి రోజులు రావు.

మొన్న పగిలిన ఇటుక సంగతి చెప్పాను కదా. నేను బట్టీవాణ్ణి తిట్టుకుంటూ తిరుగుతూంటే, నాన్న ఆ కొత్త ఇటుక తీసుకుని పెరట్లో చప్టా మీద కూర్చున్నారు. ఎత్తెక్కువైన వైపు రాతి మీద నీళ్ళు చల్లి అరగదీస్తున్నారు. కళ్ళు సరిగ్గా ఆనవు కాబట్టి, పాత ఇటుక పక్కన పెట్టుకుని, రెండింటి మీదా వేళ్ళు పెట్టి చూసుకుంటున్నారు. ఎర్రటి నీళ్ళు చప్టా మీద పారుతున్నాయి.

పక్కన కూర్చున్నాను. ఏళ్ళుగా అడుగుదామనుకుంటున్నది అడిగాను.

"నాన్నా, నీ ప్రార్థన మరీ చిన్నదైపోయింది. ఇదివరకు దేవుడికి అన్నీ చెప్పేవాడివి కదా?"

ఆయన తలెత్తలేదు. ఇటుక తిప్పి, అంచు వేలితో తడిమి, మళ్ళీ రాతి మీద పెట్టారు.

"దేవుడికి తెలీదేటి? అప్పుడు సెప్పిందంతా నీకు తెలీదనే."